జొన్నలు తినమంటున్నరు సరే, రేషన్ల ఇయ్యరెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మా ఊరి బడిల మీటింగ్ పెట్టిన్రు, పట్నం నుంచి వచ్చినోళ్ళు చిరుధాన్యాలు తినాలె భూమిని కాపాడాలె అని మస్తు చెప్పిన్రు. వాళ్ళు చెప్పింది తప్పని నేను అనను. కానీ మా అమ్మ పక్కన కూసోని "మనం తిన్నయే గదా బిడ్డా, ఎవరు బంద్ చేపిచ్చిన్రు" అన్నది, దానికి ఎవ్వరూ జవాబు చెప్పలే.

మా దేవరకొండ దిక్కు చెల్కలల్ల జొన్న, మధ్యల కంది సాళ్ళు, ఇంకో చెల్కల ఆముదాలు, ఇట్లనే ఉండె. పొద్దున గట్క, రాత్రి రొట్టె, సొప్ప బర్లకు. 1983ల రెండు రూపాయల బియ్యం వచ్చి ఎంతో మంది ఆకలి తీర్చినయ్, అది మంచి పనే, కానీ జొన్నలు కొనేటోళ్ళు లేకపాయె, కొననప్పుడు పొద్దందాక పిట్టలకు కావలి ఎవరుంటరు చెప్పండి, అందరం పత్తికి పోయినం, కొందరు బోర్లేసి వరి పెట్టిన్రు, నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉన్న జిల్లాల ఇంకింత లోతుకు బోర్లు. పత్తి రేటేమో మా చేతిల లేదు. 2025 ఆగస్టుల విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం డిసెంబర్ దాకా ఎత్తేసిన్రు, సరిగ్గ మేము పత్తి ఏరే టైం అది.

2023ని చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, అడిగింది మన దేశమే. సంతోషం. కానీ ఇంట్ల ఫ్రీగ వచ్చిన బియ్యం ఉండంగ కూలికి పోయే మనిషి పైసలు పెట్టి జొన్నపిండి ఎట్ల కొంటడు? దేశాల మధ్య కూడ ఇదే కథ. పొగ ఎక్కువ వదిలిన ధనిక దేశాలు 2020 కల్లా ఏటా పది వేల కోట్ల డాలర్లు పేద దేశాలకు అందేటట్టు చూస్తమని 2009ల కోపెన్‌హాగన్‌ల జరిగిన వాతావరణ సదస్సుల మాటిచ్చినయ్, ఆ లెక్క 2022ల గాని అందలే. పైసలు ఇయ్యాల్సినోళ్ళు లేటు చేస్తరు, మార్చుకోమనేది మాత్రం ముందు పేదోళ్ళనే, ఇది న్యాయం కాదు.

2013 ఆహార భద్రత చట్టంలనే చిరుధాన్యాలు కిలో రూపాయికి ఇయ్యొచ్చని రాసి ఉన్నది. ఇప్పుడు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు, అందుల రెండు కిలోలు ఇష్టమున్నోళ్ళకు జొన్నలు ఇయ్యాలె, బలవంతం వద్దు. ఆ జొన్నలు మా మండలాలల్లనే మద్దతు ధరకు కొనాలె, 2025-26కు హైబ్రిడ్ జొన్నకు క్వింటాల్‌కు 3,699 రూపాయలు ఉన్నది. కొంటమన్న మాట వానాకాలం రాకముందే చెప్పాలె, పత్తి గింజలు కొన్నంక చెప్తే మాకు పనికి రాదు.

ఇట్లు,
ఒక రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా