ఆరాధన బృందంలో వెనుక నిలిచి సేవ చేస్తున్నవారి కొరకు విరాళాల విజ్ఞప్తి

క్రీస్తునందు ప్రియులైన సంఘ సభ్యులకు ప్రభువైన యేసు నామమున సంఘ కమిటీ వందనములు తెలియజేస్తున్నది.

ఆదివారపు ఆరాధన ముగియగానే పాటలు నడిపించినవారి దగ్గరకు వెళ్లి, ఈ రోజు ప్రభువు మిమ్మల్ని బలంగా వాడుకున్నాడని సంతోషంగా చెబుతాము. అది ఎంతో సబబైన మాట. అయితే అదే సమయంలో వేదిక మీద మోకాళ్లూని కేబుళ్లు చుట్టుకుంటున్న సహోదరుణ్ణి పేరు పెట్టి పలకరించినవారు మనలో ఎందరని కమిటీ సభ్యులమైన మమ్మల్ని మేమే ప్రశ్నించుకున్నప్పుడు, మాకు దొరికిన జవాబు తలవంచుకునేలా చేసింది. ఈ విజ్ఞప్తికి అదే కారణము.

ఇటీవల ఒక ఆదివారం, రెండవ పాట మధ్యలో వేదిక మీది మానిటర్ స్పీకర్ ఒకటి మూగబోయింది. గాయకుల గొంతు గాయకులకే వినిపించడానికి ఉంచే స్పీకర్ అది. ఆగిపోయినా కింద కూర్చున్నవారికి తెలియదు. సహాయ గాయని ఒక చెవిని అరచేతితో మూసుకొని, కీబోర్డు వాయించేవారి వేళ్లమీద చూపు నిలిపి, శ్రుతి తప్పకుండా పాట చివరి వరకు పాడింది. సౌండ్ చూసే సహోదరుడు ఎవరి దృష్టికీ అడ్డు రాకుండా వంగి నడుచుకుంటూ వచ్చి కేబుల్ మార్చాడు. తరువాత మేము ఆ పాత కేబుల్ తీసి చూస్తే, ప్లగ్ మెడ దగ్గర లోపలి తీగ తెగి ఉంది, దానిమీద నల్ల టేపు పొరలు పొరలుగా చుట్టి ఉంది. కొత్తది కావాలని అడగడానికి మొహమాటపడి, ఎన్నో వారాలుగా ఆయనే టేపు చుట్టుకుంటూ వచ్చాడని అప్పుడు తెలిసింది. అడగవలసిన అవసరం ఆయనకు రాకుండా చూడవలసినది మేము.

వెనుక నిలిచేవారి పని ఎంత సూక్ష్మమైనదో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. సహాయ గాయని ప్రధాన గాయకుడి రాగానికి పైనో కిందో మరొక స్వరం పట్టుకొని, తన గొంతు విడిగా వినబడకుండా, అది లేకపోతే మాత్రం పాట బోసిపోయేంతగా పాడాలి. 'స', 'ష' వంటి అక్షరాలను ముగ్గురు గాయకులు మూడు మైకుల్లో గట్టిగా పలికితే బుస కొట్టినట్టు వినబడుతుంది గనుక, ఆ అక్షరం దగ్గర ఆమె మైకు నుండి కాస్త వెనక్కి తగ్గి దానిని నాయకుడికే వదిలేస్తుంది. బేస్ గిటార్ వాయించే యువకుడు పెద్ద డ్రమ్మును కాలితో కొట్టే కిక్ దెబ్బతో కలిసి నడవాలి. తెరమీద పాటల మాటలు చూపించే సహోదరి చరణంలోని చివరి మాట పూర్తికాక ముందే తరువాతి పంక్తులు తేవాలి, నాయకుడు పల్లవిని మరొకసారి అందుకుంటే ఆ క్షణంలోనే వెనక్కి వెళ్లాలి. అందుకే ఆమె చూపు కంప్యూటర్ మీదకంటే నాయకుడి ముఖం మీదే ఎక్కువగా ఉంటుంది. వీరిలో ఎవరూ ఈ పనిని ముందు వరుసకు చేరడానికి మెట్టుగా భావించడం లేదు. సంఘంగా మనమూ అలా భావించకూడదని మా మనవి.

దావీదు రాజు కాలపు ఆరాధన అనగానే గాయకులకు నాయకులైన ఆసాపు, హేమాను, యెదూతూను గుర్తుకు వస్తారు. కానీ మొదటి దినవృత్తాంతముల గ్రంథము 25వ అధ్యాయములో పాటలు పాడుటలో ప్రవీణులైన 288 మంది లెక్క ఉంది. వారు 24 వంతులుగా, పెద్దా చిన్నా, గురువూ శిష్యుడూ అన్న తేడా లేకుండా చీట్లు వేసుకొని సేవ చేశారు. అదే గ్రంథము 15వ అధ్యాయములో ఓబేదెదోము అనే పేరు సితారా వాయించేవారిలోనూ, ద్వారపాలకులలోనూ కనబడుతుంది.

నెహెమ్యా గ్రంథము 13వ అధ్యాయము మా మనస్సును మరింతగా తాకింది. రావలసిన పాళ్లు అందకపోవడంతో లేవీయులు, గాయకులు మందిరపు సేవ విడిచి తమ పొలాలకు వెళ్లిపోయారు. నెహెమ్యా వెళ్లినవారిని తప్పుపట్టకుండా, దేవుని మందిరమును ఎందుకు విడిచిపెట్టారని అధికారులను నిలదీసి, ఆ లేవీయులను, గాయకులను తిరిగి రప్పించి వారి స్థలాలలో నిలిపాడు. ఆ తరువాత ప్రజలు తెచ్చినదానిని పంచడానికి నమ్మకస్తులుగా పేరున్న ముగ్గురిని, వారి చేతికింద సహాయకుడిగా హానానును నియమించాడు. సహాయకుడి పేరు కూడా లేఖనంలో రాయబడిందన్న సంగతిని మేము కమిటీ సమావేశంలో రెండుసార్లు చదువుకున్నాము.

మీరిచ్చే విరాళాలతో మొదటగా మానిటర్ స్పీకర్లు, కేబుళ్లు, మైకు స్టాండ్లు మార్చదలచాము. ఆ తరువాత డ్రమ్ములు వాయించేవారికి, వారి పక్కన నిలబడేవారికి చెవి రక్షణ సాధనాలు కొంటాము. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదనీ, శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గుతుందనీ వృత్తిపరమైన ఆరోగ్య ప్రమాణం ఒకటి చెబుతున్నది. డ్రమ్ముల పక్కన శబ్దం దీనిని సులభంగా దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. సౌండ్ నేర్చుకోగోరే యువతీయువకులకు శిక్షణ ఇప్పించడం, వారం మధ్యలో రిహార్సల్‌కు దూరం నుండి వచ్చేవారి ప్రయాణ ఖర్చులు భరించడం కూడా ఇందులో ఉన్నాయి. ఆ ఖర్చుల మాట ఎత్తినప్పుడు వారు వద్దన్నారు. అయినా అది సంఘం మోయవలసిన భారమేనని కమిటీ తీర్మానించింది. వేదిక అలంకరణకు, రంగు దీపాలకు ఈ నిధి నుండి ఏమీ ఖర్చు చేయబోము.

విరాళమును కవరులో ఉంచి, పైన 'ఆరాధన సహాయ నిధి' అని రాసి, కోశాధికారికి అందజేసి రశీదు తీసుకోగలరు. మీ దశమభాగమును దీనికి మళ్లించవద్దని, ప్రభువు మీ హృదయంలో ప్రేరేపించిన మేరకు, అది ఎంత చిన్నదైనా, వేరుగా ఇవ్వమని కోరుతున్నాము. జమా ఖర్చుల వివరాలు ప్రతి నెలా నోటీసు బోర్డు మీద ఉంచుతాము. వాడిన వాద్యాలు, పరికరాలు ఇవ్వదలచినవారు ముందుగా సౌండ్ చూసే సహోదరుడికి చూపించండి. పనికివచ్చేదీ రానిదీ ఆయనే చెప్పగలడు. ధనరూపంగా ఇవ్వలేనివారు ఆరాధనకు ఒక గంట ముందుగా వచ్చి సామాను అమర్చడంలో, ముగిశాక సర్దడంలో చేయి కలిపితే, దానిని కూడా ఈ నిధికి అందిన కానుకగానే కృతజ్ఞతతో స్వీకరిస్తాము.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ