పాడైన వస్తువు అంటగడితే ఎవర్ని అడగాలి?

అందరికీ నమస్కారం. నిన్న గ్రూపులో వచ్చిన ఈ ప్రశ్నకు నాకు తెలిసింది చెప్తాను. ఫోన్‌లో ఎంత అరిచినా సాక్ష్యం మిగలదు. అమ్మినవాళ్లకు మెయిల్ రాయండి. బిల్లు, ఫొటోలు జతచేసి, జవాబుకు గడువు పెట్టండి. కదలిక లేదా? కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకును 'చార్జ్‌బ్యాక్', అంటే కట్టిన డబ్బు వెనక్కి రప్పించమని, అడగొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు! దానికీ గడువుంటుంది, నాన్చకండి. అదీ కుదరకపోతే వినియోగదారుల సంస్థలు, ఆఖరికి కోర్టు. అమ్మినవాళ్లు వేరే దేశంవాళ్లైతే పలు దేశాల వినియోగదారుల రక్షణ సంస్థలు కలిసి నడిపే ఈకన్జ్యూమర్ డాట్ గవ్ (econsumer.gov) సైట్లో ఫిర్యాదు పెట్టొచ్చు. అక్కడ మన డబ్బు ఇప్పించరు గానీ, మోసాలపై దర్యాప్తు చేసే అధికారులకు ఆ వివరాలు చేరతాయి. మధ్యలో ఎవరైనా ఫోన్ చేసి, 'మీ డబ్బు రప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి' అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. అది రెండో మోసం.