‘ది హిచర్’ మళ్లీ చూశాక

సంపాదకులకు,

రాబర్ట్ హార్మన్ తీసిన ‘ది హిచర్’ (1986) మొన్న మళ్లీ చూశాను. షికాగో నుంచి శాన్ డియాగోకి వేరేవాళ్ల కారు చేరవేస్తున్న కుర్రాడు, నిద్ర ఆపుకోవడానికి వానలో నిలబడ్డ ఒకడికి లిఫ్ట్ ఇస్తాడు. అక్కడితో మొదలవుతుంది. హంతకుడిగా రట్గర్ హావర్ కేకలు పెట్టడు, పళ్లు నూరడు. అలసిపోయినవాడిలా నవ్వుతాడు. నాకు టెన్షన్ పెట్టింది ఆ నవ్వే. వాడెవడో, ఎందుకు చంపుతున్నాడో చివరిదాకా చెప్పరు. మన సినిమా అయితే ఈపాటికి పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పడేది!

ఫ్రెంచ్ ఫ్రైస్‌లో తెగిన వేలు కనిపించే సీన్ అందరికీ గుర్తే. ట్రక్కుకీ ట్రైలర్‌కీ మధ్య హోటల్ అమ్మాయిని కట్టేసిన ఘట్టంలో మాత్రం ఆమె చావును కెమెరా చూపించదు. అయినా చూశామనే అనుకుంటాం. 2007 రీమేక్‌లో అమ్మాయి బదులు అబ్బాయిని కట్టేసి, అంతా కళ్లకు కట్టినట్టు చూపించారు. భయం పోయి రోత మిగిలింది. అమెరికన్ సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ పాతదానికి సున్నా స్టార్లు ఇచ్చారు. ఆ అమ్మాయి చావు మీద ఆయన కోపం నాకు అర్థమైంది, సున్నా మాత్రం కాలేదు. ఛాయాగ్రాహకుడు జాన్ సీల్ చూపించిన ఆ ఎడారి రోడ్డుకే ఒక స్టార్ ఇవ్వొచ్చు.

మీ సినిమా పేజీలో ఇలాంటి పాత చిత్రాలకూ వారానికో మూల ఇవ్వండి.

- ఒక పాఠకుడు, విజయవాడ