రఘుకు అమ్మ ఉత్తరం

చిరంజీవి రఘుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలు కాస్త నయం. నీ గొంతు చాలా రోజులుగా జీరగా ఉందని, బయాప్సీలో ఏమీ లేదన్నారని శారద పిన్ని చెప్పింది. నాకు చెప్పని సంగతి ఆమెకెందుకు చెప్పావో తరువాత మాట్లాడుకుందాం. జీర మూడు వారాలు దాటితే స్వరపేటికను చూపించుకోవలసిందే, చూపించుకున్నావు, మంచిది. చిన్నక్క పరీక్షలు బాగానే రాసింది.

అయితే బయాప్సీకి ఆ ముక్క ఎంత లోతు నుంచి తీశారు? స్వరపేటిక క్యాన్సర్లలో 90 శాతానికి పైగా పైపొరలో పుట్టే స్క్వామస్ రకమే కనుక సాధారణంగా పైనుంచి తీసిన ముక్కలోనే బయటపడుతుంది. మృదులాస్థిలో పుట్టే కాండ్రోసార్కోమా, చిన్న లాలాజల గ్రంథుల్లో పుట్టే అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా వంటి అరుదైనవి తరచుగా నున్నని పొర కింద దాక్కుని పెరుగుతాయి.

నేను ల్యాబులో ఉన్నప్పుడు ఒక మాస్టారి ముక్క వచ్చింది. స్లైడులో మామూలు పొర తప్ప మరేమీ లేదు. క్యాన్సర్ కనబడలేదని, అయితే కింది కణజాలం రాలేదు కనుక లోతుగా మళ్లీ తీయాలని రాశాను. ఆయన మొదటి వాక్యం చదువుకుని నిశ్చింతగా ఉండిపోయారు. కొన్ని నెలలకు మెట్లెక్కితే ఆయాసం, ఊపిరి పీలిస్తే ఈల వంటి చప్పుడు. సీటీ స్కాన్‌లో, స్వరపేటిక అడుగున ఉంగరంలా ఉండే క్రికాయిడ్ మృదులాస్థి వెనుక భాగాన గడ్డ, దాని నిండా సున్నపు చుక్కలు కనిపించాయి. ఈసారి లోతుగా తీసిన ముక్కలో, నీలిరంగు పదార్థం నడుమ గుంటల్లో, కొన్ని కణాలకు రెండేసి కేంద్రకాలు. నెమ్మదిగా పెరిగే కాండ్రోసార్కోమా. దానికి రేడియేషన్ అంతగా పనిచేయదు కనుక, స్వరపేటికను నిలిపి గడ్డ ఉన్నంత మేర మృదులాస్థిని తొలగించారు. గొంతు బొంగురుగానే మిగిలినా ఆయన మళ్లీ పాఠాలు చెప్పారు.

ఉపన్యాసం ఇస్తున్నానని విసుక్కోకు. గడ్డ ఏ రకమో పేరు తేలకుండా చికిత్స మొదలుపెట్టకూడదు, ఒక్కో అరుదైన రకానికి ఒక్కో చికిత్స. ప్లాస్మా కణాల గడ్డ అయిన ప్లాస్మాసైటోమాకు రేడియేషన్ బాగా పనిచేస్తుంది, కానీ ముందు ఎముక మజ్జను పరీక్షించి మైలోమా (అవే కణాలు మజ్జలో వ్యాపించే క్యాన్సర్) లేదని తేల్చుకోవాలి. హార్మోన్లు విడుదల చేసే తరహా కణాల క్యాన్సర్ అయిన చిన్నకణ న్యూరోఎండోక్రైన్ కార్సినోమాకు కీమో, రేడియేషన్. అడినాయిడ్ సిస్టిక్‌కు శస్త్రచికిత్స, ఆపైన చాలామందికి రేడియేషన్. ఈ చివరిది ఏళ్ల తరువాత ఊపిరితిత్తుల్లో తేలవచ్చు కనుక ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండాలి. కణాల్లోని ప్రత్యేక ప్రోటీన్లను రంగుతో గుర్తించే ఇమ్యునో పరీక్షలు లేకుండా వీటిలో కొన్నింటిని విడదీయడం కష్టం.

నీకు ఇవేవీ ఉండకపోవచ్చు. జీరకు చిన్న కారణాలే ఎక్కువ. సిగరెట్ మానేశావన్నావు, నమ్ముతున్నాను. అయినా సీటీ తీయించారో లేదో అడుగు. ఆసుపత్రి నుంచి స్లైడ్లు, ముక్కను మైనంలో పొదిగి దాచిన పారాఫిన్ బ్లాకు తీసుకుని నాకు పంపు. మా పాత విభాగంలో మరొకరి చేత చూపిస్తాను. రిపోర్టులో చివరి వాక్యం వరకు చదువు. ఫోను చేయవద్దు, గొంతు అరిగిపోతుంది; రెండు ముక్కలు రాసి పంపు, కానీ ఈ వారంలోనే.

మీ అమ్మ