మన మూర్ఛ బాధితుల సంఘం వార్షిక నివేదిక, తిరుపతి

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది నిబంధన కాబట్టి ఇది రాస్తున్నాను. ఈసారి కూడా ఎవరి పేర్లూ లేవు. మూర్ఛ ఉంటే పెళ్లికి అనర్హులన్న మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారు. సంబంధాలు చూసేవారికి ఆ కబురు ఇంకా చేరలేదు. పేర్లు వద్దన్న సభ్యుల మాట కాదనలేకపోయాను.

నెలవారీ సమావేశాలు జరిగాయి. గంగ జాతర సమయంలో ఒకటి వాయిదా పడింది.

బ్రహ్మోత్సవాల ముందు అలిపిరి దగ్గర కరపత్రాలు పంచాం. దర్శనం క్యూలో రాత్రంతా మేలుకొని, మాత్ర వేళ తప్పితే ఫిట్స్ వచ్చే ప్రమాదం మనవాళ్లకు ఎక్కువ. వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో చెంచా దూర్చవద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి అని అందులో రాశాం. పంచడానికి పదిహేను మంది వస్తామన్నారు. నలుగురం వచ్చాం, అందులో ముగ్గురం మూర్ఛకు మందులు వాడుతున్నవాళ్లమే. ఏ జబ్బూ లేనివారికి ఆ రోజే పనులు పడ్డాయి.

నవంబరు 17, జాతీయ మూర్ఛ దినం నాటి సభ గురించి మాత్రం కాస్త గర్వంగానే రాస్తున్నాను. ప్రతి ఏడూ ఫిట్స్ గురించే మాట్లాడుకునేవాళ్లం. ఈసారి మతిమరుపు గురించి మాట్లాడుకున్నాం. చెవుల వెనక లోపలగా ఉండే మెదడు భాగంలోనే కొత్త జ్ఞాపకాలు కుదురుకుంటాయని, చాలామందిలో మూర్ఛ పుట్టేదీ అక్కడేనని డాక్టరు గారు వివరించారు. ఎడమవైపు దెబ్బతింటే సాధారణంగా మాటలు, పేర్లు జారిపోతాయట. మూర్ఛ మందుల్లో ఫినోబార్బిటాల్ ఆలోచనను మందగింపజేయవచ్చు, టోపిరామేట్ వాడితే కొందరికి నోటి చివరి మాట దొరకదు. అలాగని మాత్రలు సొంతంగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చని రెండుసార్లు హెచ్చరించారు.

తర్వాత సభ్యులు మాట్లాడారు. రాత్రి చదివిన పాఠం పొద్దున్నే కొత్తగా కనిపిస్తుందని, ఇంట్లో అందరూ సోమరి అంటారని డిగ్రీ చదివే అమ్మాయి చెప్పింది. "నేనే ఎక్కువ తిట్టాను" అని వాళ్లమ్మ వెనక వరుసలోంచి లేచి అంది. టైలరు పని చేసే సభ్యుడు కొలతల చీటీని గుడ్డకే గుండుసూదితో గుచ్చుతాడట. అందరినీ ఆకట్టుకున్నది మాత్రం ఒక పెద్దావిడ తెచ్చిన పోపుల పెట్టె. అందులో ఏడు గిన్నెలు, వారానికి ఏడు రోజులు. ఆ రోజు గిన్నె ఖాళీగా ఉంటే మాత్ర వేసుకున్నట్టే, మరిచిపోయి రెండోసారి మింగే భయం లేదు. మర్నాడే పన్నెండు మంది పెట్టెలు కావాలన్నారు. స్టీలు సామాన్ల కొట్టు యజమాని కొన్న ధరకే ఇచ్చారు.

వైకల్య ధ్రువపత్రాల విషయం కదలలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మూర్ఛ విడిగా లేదు. మా ఇబ్బందినైనా పైకి రాయమని ఒక కార్యాలయంలో మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడుసార్లూ మొదటిసారి వచ్చినట్టే చూశారు. మరుపు మన సభ్యులకు మాత్రమే లేదన్నమాట.

జమాఖర్చులు సరిపోయాయి. పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది, చూడవచ్చు.

సభకు తన మిద్దె ఇచ్చిన సభ్యుడికి, కరపత్రాలు అచ్చువేసిన ప్రెస్సు వారికి, ఫీజు తీసుకోకుండా వచ్చిన డాక్టరు గారికి, స్టీలు కొట్టు వారికి, అడగకుండానే టీ పోసిన ఎదురింటి అక్కకు, అలిపిరికి వచ్చిన ముగ్గురికి కృతజ్ఞతలు. ఎవరినైనా వదిలేసి ఉంటే మన్నించండి. ఇరవై ఏళ్లుగా నాదీ ఇదే జబ్బు, చీటీ మీద ఉన్నవారికే చెప్పగలిగాను.

వచ్చే ఏడాది కార్యదర్శిగా ఉండదలచినవారు ఈ సమావేశం ముగిసేలోగా పేరు ఇవ్వగలరు. గత రెండేళ్లూ ఎవరూ ఇవ్వలేదు.

ఇట్లు,
కార్యదర్శి