రఘూ, ముందు అన్నం తిను

కడప,
ఆదివారం పొద్దున

చిరంజీవి రఘుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఎండలు అప్పుడే ముదిరాయి. మీ నాయన మేడ మీద ట్యాంకు కడిగించారు. సుబ్బు బావకు ప్రొద్దుటూరు బదిలీ అయింది. నువ్వు ఫోన్ చేసి ఇరవై రెండు రోజులైంది.

బావ చెప్పాడు, నువ్వు రూమ్ ఖాళీ చేసి ఆశ్రమంలో ఉంటున్నావని, ఒంటిపూటే తింటున్నావని. "అంతా ఒక్కటే అయినప్పుడు అమ్మా నాయనా అని వేరే ఏముంది" అన్నావట. అది నిజమా అని అడగడానికి రాయడం లేదు. ఊరికే రాయాలనిపించింది.

ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోయాం. ఎప్పటిలాగే ముస్లింలు పిల్లాపాపలతో వచ్చి కొబ్బరికాయలు కొడుతున్నారు. బీబీ నాంచారమ్మ వాళ్ళ ఆడపడుచు, స్వామి వాళ్ళ ఇంటి అల్లుడు. చూడు, ఒక్కటి కావడానికి వాళ్ళు చుట్టరికం కలుపుకున్నారు గానీ తెంచుకోలేదు.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నాకూ ఇలాగే అయింది. ధ్యానమని రెండు రోజులు తిండి మానేసి దేవుడి గదిలో కూర్చున్నాను. అవ్వ ఒకటే ఏడుపు. తాత మాత్రం అరవలేదు. వచ్చి పక్కన కూర్చుని, "గీత ఆరో అధ్యాయం, పదహారో శ్లోకం చెప్పమ్మా" అన్నారు. అధ్యాయమంతా నాకు నోటికి వచ్చు. "నాత్యశ్నతస్తు యోగోఽస్తి" అన్నాను, తర్వాత మాట రాలేదు. కళ్ళు తిరిగాయి. అవ్వ సంగటి, పప్పు తెచ్చింది. నాలుగు ముద్దలు తిన్నాక శ్లోకం దానంతటదే వచ్చింది: అతిగా తినేవాడికీ యోగం లేదు, బొత్తిగా తిననివాడికీ లేదు.

అప్పుడు తాత ఛాందోగ్య ఉపనిషత్తులోని కథ చెప్పారు. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుతో పదిహేను రోజులు తిండి మాని నీళ్ళు మాత్రం తాగమన్నాడు. ఆ తర్వాత వేదం చెప్పమంటే ఒక్క ముక్క గుర్తు రాలేదు. తినొచ్చాక అన్నీ చెప్పాడు. "అన్నమయం హి సోమ్య మనః", మనసు అన్నంతోనే అయింది నాయనా, అన్నాడు తండ్రి. ఉప్పు నీళ్ళలో కరిగించి పైన, మధ్యన, అడుగున రుచి చూపించిందీ, తొమ్మిదిసార్లు "తత్త్వమసి", అది నువ్వే, అన్నదీ ఆ తండ్రే. కొడుక్కు తిండి పెట్టాకే, రఘూ. "పప్పులో ఉప్పు కనబడిందా?" అని తాత నన్నడిగారు. ఆ రోజు పప్పు రుచి ఇంకా నోట్లోనే ఉంది.

ఇంకొకటి. నువ్వు కైవల్యం అంటున్నావట. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన కైవల్యం పురుషుడు, అంటే లోపలి చైతన్యం, ప్రకృతి నుంచి విడిగా నిలవడం. అంతా ఒక్కటే అనేది ఉపనిషత్తుల మాట. యోగమంటే కలయిక అంటారు గానీ, యోగసూత్రాలకు వ్యాసభాష్యం మొదట్లోనే "యోగః సమాధిః", యోగమంటే సమాధి, అంది. రెండూ కలిపి మాట్లాడకు, విడివిడిగా చదువుకో. యోగసూత్రాల మొదటి పాదంలో ముప్పై మూడో సూత్రం కూడా చదువు. మనసు తేటపడాలంటే సుఖంగా ఉన్నవాళ్ళతో మైత్రి, బాధలో ఉన్నవాళ్ళ మీద కరుణ, పుణ్యం చేసేవాళ్ళను చూసి సంతోషం. ఉపేక్ష, అంటే పట్టించుకోకపోవడం, పాపం చేసేవాళ్ళ మీద. నేనేం పాపం చేశాను నాయనా?

పాఠం చెప్పకూడదనే మొదలుపెట్టాను.

బావ శుక్రవారం ఆ పక్కకు వస్తున్నాడు. చెనిక్కాయల ఊరిమిండి, బొరుగులు, రెండు పంచెలు పంపుతున్నా. లోపల తిననివ్వకపోతే గేటు దగ్గరైనా తిను. చన్నీళ్ళ స్నానం వద్దు, నీకు పడదు, జలుబు చేస్తుంది. ఫోన్ నా తలగడ పక్కనే పెట్టుకుంటున్నాను, ఎంత రాత్రయినా చెయ్యి.

అమ్మ