వైరల్ దగ్గుకు పీడన గది చికిత్సా?

సంపాదకులకు నమస్కారం.

ఫ్లూ, కొవిడ్ తర్వాత ఆయాసపడేవారికి హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్సే (అధిక పీడన గదిలో ఆక్సిజన్ పీల్చడమే) 'శాశ్వత పరిష్కారం' అనే కరపత్రం ఒకటి గత వారం మా అపార్ట్‌మెంటు లిఫ్టులో వెలిసింది. ఎంతకీ దగ్గు తగ్గని మా బావగారు ఆ ఫోన్ నంబరును కరెంటు బిల్లు వెనుక రాసుకోవడం చూసి ఈ లేఖ రాస్తున్నాను.

మూసిన గదిలో మామూలు వాతావరణ పీడనానికి 2 నుంచి 3 రెట్ల పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే, రక్తంలోని హిమోగ్లోబిన్ మోసేది కాక, రక్తపు ద్రవభాగమైన ప్లాస్మాలోనూ అది ఎన్నో రెట్లు ఎక్కువగా కరుగుతుంది. సముద్రపు లోతుల నుంచి వేగంగా పైకి వచ్చి జబ్బుపడ్డ డైవర్లకు, కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవారికి, మానని కొన్ని మధుమేహ పుండ్లకు ఈ చికిత్స వాడుకలో ఉన్నది అందుకే. వైరల్ శ్వాసకోశ వ్యాధుల సంగతి వేరు. 1918 ఫ్లూ కాలంలోనే కాన్సాస్ సిటీ వైద్యుడు ఆర్వల్ కన్నింగ్‌హామ్ రోగులను పీడన ట్యాంకులో ఉంచాడు (ఆయన వాడింది మామూలు గాలే లెండి). ఆధారాలు చూపమని అమెరికా వైద్య సంఘం అడిగితే చూపలేకపోయాడు. కొవిడ్‌కు ఈ పరికరాలను తాము అనుమతించలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో స్పష్టం చేసింది.

పీడనం వల్ల కర్ణభేరి దెబ్బతినవచ్చు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారికి ప్రాణాపాయమే. ఏ జబ్బుకు ఈ చికిత్స ఆమోదం పొందిందో ప్రకటనలోనే రాయాలని, ముందుగా ఛాతీ పరీక్ష తప్పనిసరి చేయాలని రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్